మంత్రిగారూ, రంగు పోయినా ఉప్పు పోలేదు

రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రిగారికి నమస్కారం.

మాది మంగళగిరి. మా నాన్న ముప్పై ఏళ్లుగా మగ్గాలకు నూలు అద్దుతున్నారు. నేను కెమికల్ ఇంజినీరింగ్ చదివి గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా షెడ్డు సంగతితోనే ఈ ఉత్తరం మొదలుపెడతాను, అద్దకంలో మిగిలిన ఉప్పునీళ్లు బయటికి వదిలే తప్పులో మా వాటా కూడా ఉంది కాబట్టి.

రెండేళ్ల కిందట రంగునీళ్లు కాలవలోకి వదలకుండా ఒక సిమెంటు తొట్టి కట్టించాం. అందులో సున్నం, అన్నభేది (ఒక ఇనుప లవణం) వేసి కలిపితే రంగు అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడతాయి. మొదటిసారి ఆ తేటనీళ్లు చూసినప్పుడు నాన్న ముఖం వెలిగిపోయింది. నేను ఆ నీళ్లే ఒక స్టీలు పళ్లెంలో పోసి డాబా మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి నీళ్లు ఇగిరిపోయి పళ్లెం అంతా తెల్లగా ఉప్పు పొర కట్టింది. వేలితో గీకితే పెచ్చులుగా లేచింది. మా పెరట్లో బోరు నీళ్లతో టీ పెడితే పాలు ఎందుకు విరుగుతున్నాయో అప్పుడు అర్థమైంది.

ఆ ఉప్పు ఎక్కడిదో చెబుతాను. మేం వాడే రియాక్టివ్ రంగు (నూలుతో రసాయనికంగా కలిసిపోయే రకం) పట్టాలంటే రంగు తొట్టిలో ఉప్పు వేయాలి, ఆ తర్వాత సోడా. ముదురు రంగుకు లీటరుకు 50 గ్రాములకు తగ్గదు. చిలపలు (నూలు చుట్టలు) చేత్తో ముంచి తిప్పే పద్ధతిలో కిలో నూలుకు సుమారు 20 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే కిలో నూలుకు కిలో ఉప్పు! అందులో నూలుకు అంటుకునేది ఏమీ ఉండదు, మొత్తం నీళ్లతోనే బయటికి పోతుంది. 2016లో కేంద్రం జౌళి పరిశ్రమలకు పెట్టిన ప్రమాణాల్లో కరిగిన లవణాల హద్దు లీటరుకు 2100 మిల్లీగ్రాములు. మా రంగు తొట్టి నీళ్లలో ఒక్క ఉప్పే 50,000. సున్నం, అన్నభేది దీన్ని తగ్గించవు, ఇంకాస్త పెంచుతాయి.

మన గుంటూరు నల్లరేగడికి ఇది మరీ చెడ్డది. ఉప్పులోని సోడియం చేరితే నేల మెత్తదనం పోయి అట్టకడుతుంది, నీరు దిగదు. రంగునీళ్లు పారితే ఊరంతా చూస్తారు, ఫిర్యాదు చేస్తారు. ఉప్పునీళ్లు పారితే ఎవరికీ కనపడదు. అందుకే ఇన్నాళ్లూ రంగు పోతే పనైపోయిందనుకున్నాం.

తమిళనాడులో తిరుప్పూరు దగ్గర నొయ్యల్ నది మీద సాగు కోసం కట్టిన ఒరతుపాళయం డ్యాం అద్దకం నీళ్లతో నిండి, రైతులు ఆ నీరు మాకొద్దని మొత్తుకున్నారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. వందల యూనిట్లకు ఒక్కసారే తాళాలు పడ్డాయి. మా దాకా అది రాకూడదు. అద్దకం ఆగితే మర్నాడే మగ్గం ఆగుతుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో మొదలయ్యేది కాదు. ముందు ప్రతి షెడ్డులో నీళ్లను రెండుగా విడదీయించండి. రంగు తొట్టి నీళ్లు ఒక పక్కకు, చిలపలు జాడించిన నీళ్లు ఇంకో పక్కకు. ఉప్పులో ఎక్కువ భాగం ఉండేది ఆ కాసిని తొట్టి నీళ్లలోనే. జాడింపు నీళ్లు చాలా ఎక్కువ, కానీ ఉప్పు తక్కువ. ఇప్పుడు రెండూ ఒకే కాలవలో కలిపేసి, అంత నీటినీ శుద్ధి చేయాలంటే ఖర్చు ఎక్కువని చేతులెత్తేస్తున్నాం. విడిగా పట్టిన తొట్టి నీళ్లను ట్యాంకరుతో అందరికీ కలిపి ఒక్క ప్లాంటుకు చేర్చవచ్చు. అక్కడ నానోఫిల్టర్ పొర రంగును ఆపి, మామూలు ఉప్పును నీళ్లతో పాటు చాలావరకు వదులుతుంది. ఆ ఉప్పునీళ్లతోనే మళ్లీ నూలు అద్దవచ్చు. తిరుప్పూరు ఉమ్మడి ప్లాంట్లలో ఉప్పునీటిని తిరిగి వాడుతున్నారు. జాడింపు నీళ్లకు ఆమ్లంతో క్షారం తగ్గించి, బ్యాక్టీరియా తొట్టి, ఇసుక వడపోత, ఆపైన ఆర్‌ఓ చాలు. ఆర్‌ఓ వదిలేసిన గాఢమైన నీటిని ఇగిర్చే పని ఒక్కటే ఖరీదైనది. ముందే విడదీస్తే అది కూడా తక్కువే వస్తుంది.

ప్లాంటు కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికి దొరకదు. నాకున్న అసలు భయం అదే. పొరలు మూసుకుపోయినా, కరెంటు బిల్లు పేరుకుపోయినా, ఆపరేటరు మానేసినా శిలాఫలకం ఒక్కటే మిగులుతుంది. అందుకని మొదటి ఐదేళ్ల నిర్వహణ ఖర్చు, శిక్షణ ఉన్న ఇద్దరు ఆపరేటర్ల జీతం, అడుగున దిగిన బురదను ప్రమాదకర వ్యర్థంగా తరలించే ఏర్పాటు మంజూరు కాగితంలోనే రాయించండి. నూలు కిలోకు ఇంత అని రుసుము పెట్టండి, కడతాం. నాన్నను అడిగే రాస్తున్నాను. నెలనెలా నీటి పరీక్ష ఫలితాలు ప్లాంటు గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద పెట్టించండి.

ఏది మంజూరు చేసినా ముందు ఒకసారి మీ ఇంజినీర్లను మా వాడకు పంపండి. తెల్లవారుజామున ఐదు గంటలకు రమ్మనండి, మేం తొట్లు ఖాళీ చేసేది అప్పుడే.

ఇట్లు
నూలు అద్దేవారి కూతురు,
గుంటూరు