కుర్చీ నాకు, మెసేజీ ఆమెకు
(గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

మంత్రి గారికి నమస్కారం.

వెట్టి అప్పులో చిక్కిన మా ఊరి యానాది ఆమె ఒకరి కోసం ఇది ఐదో అర్జీ. మొదటి నాలుగూ సోమవారాలు క్యూలో నిలబడి, రసీదులు తీసుకుని ఇచ్చినవే. నాలుగుసార్లూ ఆమె ఫోనుకి ఒకటే మెసేజీ వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ ఆమెకి చదువు రాదు. ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. చదివి, ‘అయిపోయిందంట’ అన్నాను. ‘ఏంది సామీ అయిపోయింది?’ అని అడిగింది. ఆ ప్రశ్నే మిమ్మల్ని అడుగుదామని ఈ లేఖ.

కావలికి తూర్పున, సముద్రం వైపు మా ఊరు. రొయ్యల గుంట కట్ట మీద రేకుల గుడిసెలో ఉండే యానాది కుటుంబం వాళ్లది. కరెంటు పోతే అర్ధరాత్రయినా లేచి జనరేటరు వేయాలి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి, తెల్లారకముందే మేత చల్లాలి. ఇద్దరూ చేస్తేగాని ఆ పని జరగదు, జీతం మాత్రం మగాడి పేరున ఒక్కటే. 2021లో అడ్వాన్సు 20 వేలు. నిరుడు నేను లెక్క చూసేనాటికి అది 61 వేలు. బియ్యం, అతని తల్లి దినాల ఖర్చు సరే. అప్పు పుస్తకంలో ఒక పేజీలో ‘మోటారు వైండింగు 4,500’ అని ఉంది. కరెంటు హెచ్చుతగ్గులకి మోటారు కాలితే అప్పు కాపలా మనిషి మీద పడింది! పదకొండేళ్ల వాళ్ల పిల్లోడు బడి మానేసి మేత బస్తాలు మోస్తున్నాడు. ఆ మోతకి మాత్రం పుస్తకంలో జమ లేదు.

ఆ పుస్తకం ఎవరిదో దాచను. మా తమ్ముడిది. ఆ గుంటల్లో రెండెకరాలు నా వాటా. ఏటా కౌలు నా ఖాతాలోనే పడేది. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ పుస్తకం తెరిచి చూడ్డానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఇంట్లో గొడవపడి, తమ్ముడితో మాటలు పోగొట్టుకుని, ఆ 61 వేల మీద అడ్డగీత కొట్టించాను. ఇదేమీ ఘనకార్యం కాదు, తీసుకున్నది వదిలిపెట్టడమే.

చిక్కు అక్కడే వచ్చింది. వాళ్లు వెట్టి నుంచి విడుదలైనట్టు ధ్రువపత్రం అడిగితే, ‘మీ ఇంట్లోనే సెటిలైపోయింది కదండీ, ఇంకెందుకు?’ అన్నారు ఆఫీసర్లు. పరిష్కరించబడినది అంటే ఇదన్నమాట! నేను కొట్టించిన గీత సర్కారు ఖాతాలో పడింది. ఆ పత్రం లేనిదే పునరావాసం డబ్బు రాదని మీకు నేను చెప్పాలా? కోర్టు తీర్పుతో పనిలేకుండా వెంటనే ఇవ్వాల్సిన 30 వేల దాకా సాయం కూడా ఇవ్వలేదు. ఇల్లూ జాగా లేని వాళ్లు ఎన్నాళ్లుంటారు? పక్క గుంటల వాళ్ల దగ్గర 15 వేలు అడ్వాన్సు తీసుకుని మళ్లీ కట్టెక్కారు. కొత్త పుస్తకం మొదలైంది.

విచారణ కూడా జరిపారండోయ్, కాదనను. మా వరండాలో, మా తమ్ముడి ఎదురుగా, మా ఇంటి కాఫీ తాగుతూ. ‘నిన్నెవరైనా కొట్టారా? కట్టేశారా?’ అని ఆమెని అడిగారు. లేదంది. రాసుకుని వెళ్లారు. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 15వ సెక్షన్ ప్రకారం అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడు. ఇక్కడ సాక్ష్యం అడిగింది నేల మీద కూర్చున్న ఆమెని.

ఆఫీసుకి పోతే నాకు కుర్చీ, ఆమెకి తలుపు పక్కన గోడ. ఆమె నోరు తెరిస్తే ‘నువ్వుండమ్మా, సార్ చెప్తున్నారు కదా’ అంటారు. పడింది ఆమె, చెప్పాల్సింది అప్పిచ్చిన ఇంటివాడు! మూడోసారి కావాలనే నేను బయట వేపచెట్టు కింద ఆగిపోయాను. మూడు నిమిషాల్లో తిరిగొచ్చి, ‘మీ రెడ్డిని తీసుకురమ్మన్నారు’ అంది.

మా జిల్లాలో మీటింగు పెడితే సుందరయ్య గారినీ వెన్నెలకంటి రాఘవయ్య గారినీ తలవకుండా ఏ నాయకుడూ మైకు వదలడు. ఒకరు అలగానిపాడు భూస్వామి ఇంట పుట్టి, పేరు చివర రెడ్డి తీసేసుకున్నారు. ఇంకొకరు యానాదుల వెంటే బతుకంతా తిరిగారు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. నా పేరుకి తోక ఇంకా ఉంది. దాన్ని చూసే ఆ కుర్చీ వేస్తున్నారు, కూర్చుంటున్నాను కూడా.

గుంటల రైతులందరూ దుర్మార్గులని నేననను. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మేత బాకీలకి మా తమ్ముడు నిద్రపోలేదు. మంత్రులంతా రొయ్యల రేటు గురించి మాట్లాడారు, మాట్లాడాల్సిందే. కాని రేటు బాగున్న ఏడు కాపలా పుస్తకంలో ఎవరైనా వంద రూపాయలు కొట్టేశారా? నష్టంలో వాటా ఉన్నవాడికి లాభంలో వాటా లేకపోవడం ఏం లెక్కండీ?

ఆ పత్రం ఇప్పించండి. పిల్లలకి ఆధార్, కుల ధ్రువపత్రం కూడా. విచారణ యజమాని వరండాలో కాకుండా కట్ట మీద చేయించండి. ఆ చుట్టుపక్కల గుంటల మీద ఇలాంటి పుస్తకాలు ఇంకెన్ని ఉన్నాయో చూడమనండి. మళ్లీ అడుగుతున్నాను, పత్రం ఇప్పించండి.

వచ్చే సోమవారం ఆమె ఒక్కతే వస్తుంది. నేను రాను. ఈసారి మెసేజీ పంపేముందు ఎవరిచేతనైనా ఒక ఫోను చేయించి, ఏం పరిష్కారమైందో ఆమెనే అడగమనండి. పొద్దున మాత్రం వద్దు, మేత చల్లుతుంటుంది, ఎత్తదు.

ఇట్లు,
రిటైరైన బడిపంతులు,
కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా