పరేడ్‌కి వచ్చేవాళ్లకి ఓ మాట

అందరికీ నమస్కారం. జనవరి 26న బెంగళూరు మానెక్‌షా పరేడ్ గ్రౌండ్‌కి వస్తున్నవాళ్లు ఈసారి బ్యాండ్ మీద కూడా ఓ కన్నేయండి. ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతిలో దండం షోకు కాదు. బయల్దేరడం, ఆగడం, మళ్లడం అన్నీ దాని సైగలతోనే. బాస్ డ్రమ్ దెబ్బకి ఎడమ కాలు పడుతుంది, కావాలంటే పిల్లల చేత లెక్కపెట్టించండి.

నాకైతే బ్యాగ్‌పైపే ఇష్టం. వాయించేవాళ్ల మోచేతిని చూడండి. చంకలో సంచిని నొక్కుతూనే ఉంటారు, అందుకే ఊపిరి పీల్చుకున్నా స్వరం తెగదు. మన సన్నాయి విద్వాంసులు బుగ్గల్లో గాలి నిలిపి చేసే పనిని అక్కడ సంచి చేస్తుంది.

ఒంటికి చుట్టుకున్నట్టు పెద్ద ఇత్తడి వాయిద్యం కనిపిస్తే అది సూసాఫోన్. 1890లలో అమెరికాలో పుట్టింది, బరువంతా భుజం మీదే.

ఎంజీ రోడ్ మెట్రోలో దిగితే దగ్గర. పాస్, ఐడీ కార్డు మర్చిపోకండి.