సూరిబాబూ, ఆ అడ్వాన్స్ ఇవ్వకు

గోపాలపట్నం, విశాఖపట్నం
ఆదివారం, భోజనాలయ్యాక

ఒరేయ్ సూరిబాబూ,

నీ ఉత్తరం ఉగాదికి వచ్చింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. కానీ ఇది మాత్రం చివరిదాకా చదువు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. పెద్దదానికి పరీక్షలైపోయాయి. ఉక్క చంపేస్తోంది. ఇంటి సంగతులు ఇంతే, మిగతావి ఇంకోసారి.

అసలు సంగతికొస్తాను. నిన్న చెల్లెమ్మ మా ఆవిడతో ఫోన్‌లో చెప్పిందట, నువ్వు శాండ్ బ్లాస్టింగ్‌కి, అదే, గాలితో గరుకు పొడి (గ్రిట్) కొట్టి పాత పెయింట్ లేపడానికి, రాజమండ్రిలో కంప్రెషర్ చూసొచ్చావని, మీ బావ మాట మీద రెండు హెచ్‌పీది ఖాయం చేసేసి రేపోమాపో అడ్వాన్స్ ఇస్తావని. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్‌లో అయితే నువ్వు ‘ఆ, ఆ’ అంటూ విని వదిలేస్తావు. లెక్కలు కాగితం మీద నీ ముందుండాలి. అందుకే రాస్తున్నాను. ఇవ్వకురా. ఈ ఉత్తరం అందాక కూడా ఒక వారం ఆగు.

నేను నాన్న రాజ్‌దూత్ బైకు విప్పానని నీకు తెలుసుగా. స్టీల్ ప్లాంటు షిఫ్టులకి ఆయన దాని మీదే వెళ్లేవారు. ఫ్రేము మీద ఎన్ని పొరల పెయింట్ ఉందో! ఒక చోట గీకితే అడుగున మనం పాలిటెక్నిక్‌లో ఉన్నప్పటి ఆ ఎరుపు బయటపడింది. చూస్తూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆటోనగర్‌లో ఇస్తే ఒక పూటలో శాండ్ బ్లాస్టింగ్ చేసి ఇచ్చేస్తారు. కానీ వాళ్లవి పెద్ద నాజిళ్లు, ముతక గ్రిట్. లారీ ఛాసిస్‌కి అది సరిపోతుంది. మడ్‌గార్డ్ రేకు ఆ దెబ్బకి వంకర్లు పోతుంది. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం, దానికి గాజు పూసలే వాడాలి, అదీ 50, 60 పౌండ్ల (పీఎస్‌ఐ) ప్రెషర్ దాటకుండా. నాన్న బండి నా చేత్తోనే చెయ్యాలి. ఇందులో వేరే ఆలోచన లేదు.

సరే, కంప్రెషర్. మొన్న గాజువాక వైపు ఒక షాపుకి వెళ్లాను. పెద్దాయన, మంచి మనిషి. ‘ఎన్ని హెచ్‌పీ కావాలి బాబూ?’ అన్నారు. ‘హెచ్‌పీ తర్వాత చూద్దామండీ, గాలి ఎంత ఇస్తుంది?’ అన్నాను. ‘ప్లేటు మీదుంది కదేటి, పన్నెండు సీఎఫ్‌ఎం’ అని మూడు హెచ్‌పీ మెషిన్ చూపించారు. సూరిబాబూ, ఇక్కడ జాగ్రత్తగా చదువు. సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. ఆ పన్నెండు పిస్టన్ కదిలినంత మేర లెక్క. సిలిండర్ వైశాల్యం, స్ట్రోకు, ఆర్‌పీఎం గుణిస్తే వచ్చే అంకె. బయటికి నిజంగా వచ్చే గాలి వేరు. దాన్నే ఎఫ్‌ఏడీ అంటారు. హెడ్డులో పిస్టన్ పైన కొంచెం ఖాళీ మిగులుతుంది. అందులో చిక్కుకున్న గాలి పిస్టన్ కిందికి దిగేటప్పుడు మళ్లీ వ్యాకోచించి, కొత్త గాలికి చోటివ్వదు. ట్యాంకులో ప్రెషర్ పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. కుక్కర్ మాస్టారు బోర్డు మీద గీసిన పీవీ డయాగ్రం, అదే ప్రెషర్‌కీ పరిమాణానికీ గీసే బొమ్మ, గుర్తుందా? ఆయన ఈల వేస్తూ చెప్పిన పాఠం ఇన్నాళ్లకి నాకు పనికొచ్చింది.

‘మీరు అనుమతిస్తే ట్యాంకు నింపి టైము చూస్తానండీ’ అన్నాను. పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, వాచీ తీసి తనే గేజి ముందు నిలబడ్డారు! నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. 160 లీటర్ల ట్యాంకు. గేజి మూడు కేజీల (కేజీ అంటే చదరపు సెంటీమీటరుకి కేజీ, దాదాపు మామూలు గాలి ప్రెషరంత) మీదికి రాగానే టైము మొదలుపెట్టి, ఏడు కేజీల దగ్గర ఆపాం. రెండు నిమిషాల నలభై సెకన్లు. లెక్క తేలికే. నాలుగు కేజీలు పెరిగింది, ట్యాంకు 160 లీటర్లు, అంటే 640 లీటర్ల మామూలు గాలి లోపలికి వెళ్లింది. నిమిషానికి 240 లీటర్లు. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు. భాగిస్తే ఎనిమిదిన్నర. ప్లేటు మీద పన్నెండు, చేతికి ఎనిమిదిన్నర! అదీ ట్యాంకులో గాలి వేడిగా ఉండటం వల్ల గేజి కాస్త ఎక్కువే చూపిస్తుంది, చల్లారితే ఇంకొంచెం తగ్గుతుంది. పెద్దాయన అట్టముక్క మీద నా లెక్క మళ్లీ తనే వేసి చూసుకున్నారు. ‘ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను, ఎవరూ ఇలా అడగలేదు బాబూ’ అన్నారు.

ఇప్పుడు నాజిల్ వైపు చూడు. ఎనిమిదో వంతు అంగుళం నాజిల్, అంటే 3.2 మిల్లీమీటర్లు, 80 పౌండ్ల దగ్గర 17 సీఎఫ్‌ఎం దాకా తాగుతుంది. 2.4 మిల్లీమీటర్లదైతే పది లోపు. బెజ్జం వెడల్పు రెట్టింపైతే గాలి నాలుగు రెట్లు. గ్రిట్ వల్ల నాజిల్ అరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇవాళ్టి 2.4 కొన్నాళ్లకి 3.2 అయి కూర్చుంటుంది. సిరామిక్‌వి మరీ త్వరగా అరుగుతాయి, కార్బైడ్‌వి నిలుస్తాయి. మీ బావ చెప్పిన రెండు హెచ్‌పీ మహా అయితే ఆరో ఏడో సీఎఫ్‌ఎం ఇస్తుంది. దాంతో నువ్వు అలాయ్ వీల్స్ బ్లాస్ట్ చేస్తే అరనిమిషం కొట్టడం, రెండు నిమిషాలు గేజి వైపు చూస్తూ నిలబడటం. ఈలోగా హెడ్డు కాలిపోతుంది. చిన్న పిస్టన్ కంప్రెషర్లు ఆగకుండా తిరగడానికి చేసినవి కావు.

‘పెద్ద ట్యాంకు పెట్టిస్తాలే’ అని బావ అనే ఉంటాడు. ట్యాంకు గాలిని తయారు చెయ్యదురా. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా బోరు మోటారు తోడినన్ని నీళ్లే వస్తాయి కదా! 250 లీటర్ల ట్యాంకు ఎనిమిది కేజీల నుంచి అయిదున్నరకి దిగేలోపు నీకు దొరికేది 22 ఘనపుటడుగుల గాలి. రెండు నిమిషాల ముచ్చట.

కాబట్టి నేను ఖాయం చేసింది అయిదు హెచ్‌పీ, రెండు స్టేజీలది, 250 లీటర్ల ట్యాంకుతో. పెద్ద సిలిండర్ సగం నొక్కి, రెక్కల గొట్టంలో చల్లార్చి, చిన్న సిలిండర్‌కి పంపుతుంది. అందుకే వేడి తక్కువ, గాలి ఎక్కువ. దీన్నీ టైము పెట్టి చూశాం. నాలుగు నుంచి ఎనిమిది కేజీలకి రెండు నిమిషాల పది సెకన్లు. పదహారు సీఎఫ్‌ఎం! ప్లేటు మీద ఇరవై ఉంది, ఉండనీ. నా 2.4 నాజిల్‌కి పది చాలు, మధ్యలో దానికి విశ్రాంతి కూడా దొరుకుతుంది. అయితే ఇది త్రీ ఫేజ్. కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాను. ఖర్చు గురించి మా ఆవిడతో... అది పెద్ద కథ, కలిసినప్పుడు చెబుతాను. చివరికి ‘మావయ్యగారి బండి కదా’ అంది. ఆ ఒక్క మాటతో నా కడుపు నిండిపోయింది.

నీకు త్రీ ఫేజ్ కుదరకపోతే మూడు హెచ్‌పీకి తగ్గకు. 2.4 నాజిల్, 60 పౌండ్లు. నిదానంగానైనా పని నడుస్తుంది.

అన్నట్టు, నీళ్లు. మన ఊరి గాలి సంగతి తెలుసు కదా. ఇలాంటి ఉక్కరోజున పది సీఎఫ్‌ఎం గాలిని ఎనిమిది కేజీలకి నొక్కితే గంటకి గ్లాసుడుకి పైగా నీళ్లు విడిపోతాయి. లెక్కేస్తే 350 గ్రాముల దాకా వచ్చింది. వేడి గాలిలో అది ఆవిరిగానే ట్యాంకు దాటిపోయి, హోస్‌లో చల్లారి, తిన్నగా గ్రిట్‌లోకి దిగి ముద్ద కడుతుంది. అందుకని వాటర్ ట్రాప్ (గాలిలోంచి నీళ్లు పట్టే బుడ్డి) కంప్రెషర్ పక్కనే బిగించి లాభం లేదు. గోడ మీద జీఐ పైపు పైకీ కిందికీ తిప్పి, గాలి చల్లారాక ట్రాప్ పెట్టాలి. పీవీసీ పైపు మాత్రం వద్దు, ఎంత చవకైనా సరే. గాలి ప్రెషర్‌కి పగిలితే ముక్కలై ఎగురుతుంది. ట్యాంకు కింద డ్రెయిన్ రోజూ విప్పు, లేకపోతే లోపల తుప్పు పట్టినా నీకు కనపడదు. పాత ట్యాంకుకి పెయింట్ కొట్టి ఇస్తామంటే నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే హైడ్రో టెస్ట్ చేయించందే ఇంటికి తేవద్దు.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. భీమిలి నుంచి ఇసుక బస్తాలు తెప్పించుకుంటానని రాశావు. వద్దురా, కాళ్లు పట్టుకుంటాను. ఇసుకలో సిలికా నాజిల్ దెబ్బకి పొడై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిలికోసిస్ వస్తే తగ్గదు. పైగా సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఇనుము మీద మిగిలితే మర్నాటికే తుప్పు. అదే ఒడ్డున అలలు వెళ్లిపోయాక ఎర్రటి చారలు మిగులుతాయి చూడు, అది గార్నెట్. మన కొండల ఖోండలైట్ రాయిలోంచి వచ్చేదే. శుద్ధి చేసి బస్తాల్లో అమ్మే గార్నెట్ కొనుక్కో. దుమ్ము తక్కువ, సిలికా దాదాపు ఉండదు. అయినా మాస్క్ లేకుండా నాజిల్ పట్టుకోకు. చెల్లెమ్మకి వేరే రాస్తాను, నీ మీద నిఘా పెట్టమని. బ్లాస్ట్ చేసిన రోజే ప్రైమర్ కొట్టెయ్, మన గాలిలో రాత్రంతా వదిలితే...

గేటు దగ్గర ఎలక్ట్రీషియన్ వచ్చాడు, త్రీ ఫేజ్ బోర్డు ఎక్కడ పెట్టాలో చూడ్డానికి. స్టార్టర్ గురించి రాయాల్సింది మిగిలిపోయింది. ప్రెషర్ పాట్ మంచిదా, సక్షన్ గన్ మంచిదా అని అడిగావు, అదీ రాయాలి. అరకు రైలు బోగీలో మనం చేసుకున్న ప్రతిజ్ఞ మీద ఒట్టు, అడ్వాన్స్ ఇవ్వకు. ఆ షాపుకి వాచీ పట్టుకుని వెళ్లు, ట్యాంకు ఎన్ని లీటర్లో ముందు

వస్తున్నానని అరుస్తున్నా ఆగట్లేదు. ఉంటానురా.

నీ
చంటి