మంత్రిగారూ, జీబీ ధర కాదు, నెల ధర చూడండి

డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,
కేంద్ర గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల సహాయ మంత్రి

నమస్కారం.

పల్నాడు జిల్లాలోని ఓ పల్లెలో జిరాక్స్, రీచార్జి కొట్టు నడుపుతున్నాను. ఫోన్ చార్జీల గురించి మీకే రాయడానికి ఒక కారణం ఉంది. టెలికం సంగతి చూసేదీ మీరే, ఉపాధి కూలీల సంగతి చూసేదీ మీరే. ఈ రెండు శాఖలూ మా కొట్టు బల్ల దగ్గర రోజూ కలుస్తున్నాయి.

మన దేశంలో డేటా ఎంతో చౌక అని ప్రభుత్వం చెబుతుంటుంది. కాదనను. 2016 సెప్టెంబరులో జియో రాకముందు ఒక్క జీబీకి రెండు వందల పైచిలుకు పెట్టాం. ఇప్పుడది పది రూపాయల దరిదాపుల్లో ఉంది. కానీ నా దగ్గరికొచ్చే కూలీలు, ముసలివాళ్లు జీబీల లెక్క అడగరు. "చిన్నది ఎంతలో ఉందయ్యా?" అని అడుగుతారు. వాళ్లకు కావలసింది నెలంతా ఫోన్ మోగడం. ఆ ధర మాత్రం పెరుగుతూనే వచ్చింది. 2021 నవంబరు దాకా ఎయిర్‌టెల్‌లో 79 రూపాయలు వేయిస్తే కొద్దిపాటి టాక్‌టైమ్‌తో 28 రోజులు గడిచేవి. 2024 జూలై పెంపు తర్వాత అదే 28 రోజులకు 199 అయింది. జియోలో 155 ఉన్నది 189కి ఎక్కింది. కాల్స్ అపరిమితంగా ఇస్తున్నాం కదా అంటాయి కంపెనీలు. హైదరాబాద్ నుంచి కొడుకు చేస్తే ఎత్తడమే తప్ప తాను ఎవరికీ చేయని ముసలమ్మకు ఆ అపరిమితంతో పనేముంది?

పైగా నెల 28 రోజులకే అయిపోతుంది కాబట్టి ఏడాదికి పదమూడు రీచార్జిలు. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటైనా ఉంచాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. ఉంచారు. చౌకవి మాత్రం 28 రోజులవిగానే ఉండిపోయాయి.

డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లతోనే ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. మంచి పని. మరుసటి నెలలోనే ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, జియో 448 ధరలు ప్రకటించాయి. రోజుకు అయిదున్నర రూపాయలు, సబబే అనిపిస్తుంది. కూలికెళ్లే మనిషి ఒక్కసారిగా 469 ఎక్కడ తెస్తుంది? "రోజు లెక్కన ఇదే లాభం పిన్నీ" అని చెప్పి చూస్తాను. "లాభమే బాబూ, అంత ఒక్కసారి ఎట్టా?" అని చిన్న రీచార్జే వేయించుకుని పోతుంది. ఒకేసారి పెట్టగలిగినవాళ్లకు రోజుకు తక్కువ పడుతోంది, పెట్టలేనివాళ్లకు ఎక్కువ పడుతోంది. ఆ 84 రోజుల లెక్కనే 30 రోజులకు వేసినా 160, 170 రూపాయలకు మించదు. ఆ ధరలో నెలకు సరిపడా కాల్స్ ప్లాన్‌ను తప్పనిసరి చేయించండి.

ఇప్పుడు మీ రెండో శాఖ సంగతి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో హాజరు ఎన్ఎంఎంఎస్ అనే ఫోన్ యాప్‌లో వేయాలి. పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. మా ఊళ్లో ఆ పని చేసే మేట్‌కు, అంటే కూలీల పని చూసుకునే ఆమెకు, ఫోనూ సొంతదే, నెట్టూ సొంతదే. చెరువు పూడిక తీసే చోట సిగ్నల్ ఒక్క గీత వస్తే గొప్ప. ఫొటో తీశాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే ఫోన్ పైకెత్తి పట్టుకుని కట్ట మీదికి నడుస్తుంది. అది చేరకపోతే హాజరు పడదు. హాజరు పడకపోతే కూలి రాదు. రీచార్జి అయిపోయిన మర్నాడు పొద్దున్నే, నేను తలుపు తీయకముందే కొట్టు ముందు నిలబడి ఉంటుంది. ఆమె వేయించేది రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 299 ప్లాన్. అందులో దాదాపు 45 రూపాయలు జీఎస్టీ. ప్రభుత్వ హాజరు వేయడానికి ఆమె ప్రభుత్వానికే పన్ను కడుతోంది. ఇది నాకు ఎంత ఆలోచించినా న్యాయమనిపించడం లేదు. 2025 సెప్టెంబరులో ఏసీల మీద, పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దించారు. రీచార్జి మీద 18 అలాగే ఉంది. అది జీఎస్టీ కౌన్సిల్ చేతిలో ఉన్న విషయమని తెలుసు, కానీ అక్కడ అడగాల్సింది మీ శాఖే.

ఆ ఒకటిన్నర జీబీలోనూ ఆమె వాడేది కొంచెమే. మిగిలింది రాత్రి పన్నెండు కొట్టగానే పోతుంది. డబ్బిచ్చి కొన్న సరుకది. పోస్ట్‌పెయిడ్‌లో కొన్ని ప్లాన్లకు మిగిలిన డేటా మరుసటి నెలకు కలుస్తుంది. వొడాఫోన్ ఐడియా కొన్ని ప్రీపెయిడ్ ప్లాన్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా మిగిలిన డేటాను శని, ఆదివారాలకు ఇస్తోంది. అంటే చేయదలిస్తే చేయగలిగిందే. ప్రీపెయిడ్ అంతటికీ, కనీసం గడువు ముగిసేదాకా, మిగులు నిలిచేలా నిబంధన తేవాలి.

కంపెనీల ఖర్చు నాకు తెలియనిది కాదు. 2022 వేలంలో 5జీ స్పెక్ట్రమ్‌కే లక్షన్నర కోట్లు పాడాయి. టవర్లు ఊరికే లేవవు. కానీ ఆ 5జీ కూడా అపరిమితంగా కావాలంటే రోజుకు రెండు జీబీల ప్లానో, అంతకు పైదో వేయించాలని 2024 జూలైలో షరతు పెట్టారు. ఎయిర్‌ఫైబర్‌లు, శాటిలైట్ ఇంటర్నెట్ అని వచ్చేవన్నీ పై మెట్టు మీద ఉన్నవాళ్లకే వస్తున్నాయి. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో 149 రూపాయలకే ఫైబర్‌నెట్ అని రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలుపెట్టారు. ఆ ధర నిలవలేదు. ఇక ఈ మొబైల్ రీచార్జి కూడా తడిసి మోపెడైతే పల్లెలో బీదవాళ్లకు వేరే దారి లేదు.

కంపెనీలు కట్టే లైసెన్సు ఫీజులో సర్దుబాటు చేసిన ఆదాయం (కొన్ని మినహాయింపులు పోను లెక్కించేది) మీద 5 శాతం డిజిటల్ భారత్ నిధికి వెళ్తుంది. పల్లెలకు టెలికం సేవలు అందించడానికి పెట్టిన నిధే అది. మేట్ల రీచార్జి ఖర్చు అందులోంచి ఇస్తారో, గ్రామీణాభివృద్ధి శాఖ పాలనా ఖర్చులోంచి ఇస్తారో మీ ఇష్టం. రెండు ఫైళ్లూ మీ బల్ల మీదికే వస్తాయి. ఎప్పటి నుంచి ఇస్తారో తేదీ చెప్పండి. ఆ కాగితం జిరాక్స్ తీసి మా కొట్టు తలుపుకు నేనే అంటిస్తాను.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక రీచార్జి కొట్టు యజమాని