2025 వార్షిక నివేదిక: కార్యదర్శి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా మన సంఘం పనిలో ముప్పాతిక వంతు హీటింగ్ బిల్లులకే సరిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఫ్లాట్ కొని అద్దెకిచ్చిన మనవాళ్లందరిదీ ఒకటే గోల. బిల్డింగ్ మొత్తానికి ఒకటే బాయిలర్, ఏడాది ఖర్చుల లెక్క ఇవ్వాల్సింది హౌస్‌ఫెర్వాల్టుంగ్ (బిల్డింగ్ నిర్వహణ చూసే కంపెనీ), అదెప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. 2024 లెక్క 2025 డిసెంబర్ 31లోపు అద్దెకున్నవారి చేతికి అందకపోతే, వాళ్లు నెలనెలా కట్టినదానికంటే అసలు ఖర్చు ఎక్కువైనా ఆ తేడా మనం వదులుకోవాల్సిందే. మనం వాళ్లకి ఇవ్వాల్సింది ఉంటే మాత్రం గడువు దాటినా తప్పదు.

మేనేజరే ఆలస్యం చేశాడంటే చాలదు. ఓనర్ల మీటింగ్‌లో లెక్క పాస్ కాకపోయినా అద్దెకున్నవారికి బిల్లు ఇవ్వాలని, ఆలస్యమైతే దాన్ని సమయానికి తెప్పించడానికి మనం ఏం చేశామో చూపించాలని 2017లోనే ఇక్కడి ఫెడరల్ కోర్టు చెప్పింది. అందుకే సెప్టెంబర్‌లో ఒక శనివారం అందరినీ కూర్చోబెట్టి హౌస్‌ఫెర్వాల్టుంగ్‌లకు గడువు పెట్టి ఉత్తరాలు రాయించాం. ఫోన్లలో అడిగినదానికి సాక్ష్యం ఉండదు.

ఇక చెప్పుకోదగ్గ సంగతి. ఆఫెన్‌బాఖ్‌లో ఫ్లాట్ ఉన్న మన సభ్యురాలికి క్రిస్మస్ అయ్యాక గానీ లెక్క రాలేదు. రాత్రికి రాత్రే ముగ్గురు వాలంటీర్లు ఆవిడ వంటగదిలో కూర్చున్నారు. 70 శాతం రేడియేటర్ల మీటర్లను బట్టి, 30 శాతం ఫ్లాట్ వైశాల్యాన్ని బట్టి వేసిన లెక్క సరిగ్గానే ఉంది. కానీ హీటింగ్ ఇంధనం మీద పడే సీఓటూ (కార్బన్) ఛార్జీలో 2023 నుంచి ఓనరు భరించాల్సిన వాటా ఊసే లేదు. అలాగే ఇచ్చేస్తే అద్దెకున్నాయన హీటింగ్ ఖర్చులో 3 శాతం కోసుకోవచ్చు. వాటా లెక్కగట్టి, తీసేసి, 31 మధ్యాహ్నం పక్కింటావిడను సాక్షిగా నిలబెట్టి కవరు ఆయన పోస్ట్‌బాక్స్‌లో వేశారు. బయట అప్పటికే టపాసులు మొదలయ్యాయి. జనవరిలో డబ్బు మొత్తం పడింది. ఆ ముగ్గురికీ, టీలు పెడుతూనే ఉన్న ఆ సభ్యురాలి అమ్మగారికీ సంఘం రుణపడి ఉంది.

హాల్ ఇప్పించినవారికి, జర్మన్ ఉత్తరాలు దిద్దిపెట్టిన తమ్ముడికి, సమోసాలు పంపిన అక్కగారికి, బ్యానర్ కట్టిన పిల్లలకి పేరుపేరునా ధన్యవాదాలు. వాలంటీర్ల పట్టికలో పేరు రాసి, ఆ శనివారం ఫోన్ స్విచాఫ్ చేసుకున్నవారికి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఏడాదంతా కనపడకుండా డిసెంబర్ 20న "అన్నా, టెన్షన్‌గా ఉంది" అని మెసేజ్ పెట్టేవారికీ అంతే. హౌస్‌ఫెర్వాల్టుంగ్‌ల సంగతి సరేసరి. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకు "అందింది" అన్న ముక్క కూడా రాదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు, చూసుకోండి. మిగులు వచ్చే ఏడాదికి జమ.

2025 లెక్కకు గడువు 2026 డిసెంబర్ 31. మొదటి ఉత్తరం జూన్‌లోనే వెళ్లాలి. నమూనా గ్రూప్‌లో పెట్టాం. సహాయ కార్యదర్శి పదవి ఇంకా ఖాళీగానే ఉంది.