విజయనగరం చిన్న వ్యాపారుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నియమం కాబట్టి చదువుతున్నాను. కిందటేడు నివేదిక పొడవైపోయి టిఫిన్లు చల్లారిపోయాయని కొందరు అన్నారు. ఈసారి టిఫిన్లు ముందే పెట్టించాం.

మొదట కృతజ్ఞతలు. ఏడాది పొడవునా తన షాపు మేడమీద గదిని అద్దె లేకుండా ఇచ్చిన ఉపాధ్యక్షులవారికి, కాగితం ఖర్చు మాత్రమే తీసుకుని కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సు సభ్యుడికి, ఆదివారాలు మానుకుని వచ్చి లెక్కలు నేర్పిన ఇద్దరు బీకామ్ కుర్రాళ్లకు, కుర్చీల దగ్గర్నుంచి మంచినీళ్ల దాకా అడక్కుండానే చూసుకున్న మూడు లాంతర్ల సెంటర్‌లోని సైకిల్ షాపు సోదరుడికి సంఘం రుణపడి ఉంది. పేర్లన్నీ బోర్డు మీద ఉన్నాయి. ఎవరిదైనా మరిచిపోతే నన్ను తిట్టండి, బోర్డు రాసిన అబ్బాయిని వదిలేయండి.

ఈ ఏడాది మనం తలెత్తుకుని చెప్పుకోవాల్సింది సిరిమాను పండగ సరుకు గురించి.

అక్టోబర్ 15న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రోజుల అమ్మకం మీద ఆధారపడిన షాపులు మనలో ఎన్నో అందరికీ తెలుసు. పూజారి కూర్చునే ఆ పొడవాటి సిరిమాను, అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగేలోపు బొమ్మలు, గాజులు, ప్లాస్టిక్ సామాను ఎంత అమ్ముకుంటే అంత. ఇన్నాళ్లూ ఎవరికి వారు విశాఖ వెళ్లి, రెండు గోతాల సరుకు కొని, రైల్లో తలుపు దగ్గర నిలబడి తెచ్చుకున్నాం. రెండు గోతాలు కొనేవాడికి హోల్‌సేల్ షాపులో కుర్చీ కూడా వెయ్యరు. ఈసారి పద్నాలుగు షాపుల జాబితాలు కలిపాం, డబ్బు ముందే జమచేశాం, ముగ్గురం వెళ్లి ఒకే బేరం ఆడాం. ధర తగ్గింది. దానికన్నా పెద్ద లాభం ఇంకొకటి. అట్టపెట్టె విప్పని సరుకు దీపావళిలోగా వెనక్కి తీసుకుంటానని షాపాయన ఒప్పుకున్నాడు. మన బజార్లో మూతపడిన షాపులు ఒకసారి గుర్తు చేసుకోండి. నష్టానికి అమ్మి మూసేసినవి తక్కువ. డబ్బంతా సరుకై అటకెక్కి కూర్చుంటే అద్దె కట్టలేక మూసినవే ఎక్కువ. ఒక్కొక్కరు వెళ్లి అడిగితే ఆ మాట ఎవరికీ దక్కేది కాదు.

వ్యాను రాత్రి రెండు గంటలకు వచ్చింది. దింపడానికి పేర్లిచ్చినవాళ్లు పదకొండు మంది. వచ్చింది ముగ్గురం: నేను, కోశాధికారి, పేరివ్వకుండానే వచ్చిన ఆయన కొడుకు. ఆ అబ్బాయికి మర్నాడు స్కూల్లో పరీక్ష. మిగతా ఫోన్లన్నీ స్విచాఫ్. చీకట్లో దింపుతుంటే గాజుల అట్టపెట్టె ఒకటి జారిపోయింది. కిందపడ్డాక విప్పి చూడాల్సిన పని లేకపోయింది, చప్పుడే చెప్పింది.

సంక్రాంతికి మళ్లీ ఇలాగే తెద్దామంటే కుదరలేదు. "నా పేరు రాసుకోండి, డబ్బు అమ్మాక ఇస్తాను" అన్నవాళ్లే ఎక్కువయ్యారు. నలుగురి డబ్బుతో పదిమందికి సరుకు తెచ్చే ధైర్యం సంఘానికి లేదు. వచ్చే సిరిమానుకు డబ్బు కట్టాకే పేరు రాస్తాం.

ఇక లెక్కల తరగతి. మొదటి వారం గది చాల్లేదు, మూడో వారానికి ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో గంటస్తంభం దగ్గర టిఫిన్ బండి పెట్టే మన సభ్యురాలు ఒకరు. గల్లాపెట్టె రోజూ నిండుతోంది గానీ నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండట్లేదన్నది ఆవిడ బాధ. బియ్యం, పప్పు కొన్నదే ఖర్చు అనుకునేవారు. కుర్రాళ్లు ఆవిడ చేత నూనె డబ్బాలు, 19 కిలోల సిలిండర్ ఎన్ని రోజులు వచ్చిందో, ఇంట్లోవాళ్లు తిన్న ఇడ్లీలు, కాలేజీ పిల్లల బాకీ, అన్నీ నోటుపుస్తకంలో రాయించారు. నెల తిరిగేసరికి తేలిందేమిటంటే, ఇల్లు నడుపుతున్నది ఇడ్లీ, ఆ మిగులును తాగేస్తున్నవి పునుగులు. "ఇదేటి బాబూ, ఇన్నాళ్లూ నూనె కొట్టోడి కోసం పన్జేసినానా?" అన్నారావిడ. పునుగులు ఇప్పుడు ఆదివారం మాత్రమే. నాకిది వ్యక్తిగతంగా నష్టమే, అయినా ఒప్పుకుంటున్నాను.

అదే తరగతిలో రోజువారీ ఫైనాన్స్ లెక్క కూడా వేశారు. చేతికి రూ.9 వేలు ఇస్తారు, రోజుకు రూ.100 చొప్పున నూరు రోజులు కట్టాలి. పదివేలకు వెయ్యే కదా అనుకుంటాం. కానీ అసలు రోజూ తగ్గిపోతుంది కాబట్టి సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. ఏడాదికి చూస్తే వడ్డీ నూటికి 80 దాకా పోతుంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందులో ఇద్దరు ఆ రోజు వాయిదా కట్టి వచ్చినవాళ్లే.

మరి బ్యాంకుకు వెళ్లమంటే? కేంద్ర ప్రభుత్వ ముద్ర అప్పుల పథకంలో శిశు కింద రూ.50 వేలు, కిశోర్ కింద రూ.5 లక్షలు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవారికి 2024 అక్టోబర్ నుంచి రూ.20 లక్షల దాకా పెంచారు. చిన్న యూనిట్లకు కనీసం రూ.10 లక్షల దాకా అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఇవన్నీ మనకు చెప్పమని ఒక బ్యాంకు అధికారిని రెండుసార్లు పిలిచాం. రెండుసార్లూ వస్తానన్నారు. రెండోసారి శాలువా కూడా కొన్నాం. అది బీరువాలో ఉంది.

ఫోన్‌పే బోర్డు పెడితే జీఎస్టీ వాళ్లు వచ్చేస్తారని టెన్షన్ పడేవారికి ఒక మాట. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఏడాది అమ్మకం రూ.40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. సేవలకైతే రూ.20 లక్షలు. ఫోన్లో పడిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్లో కనిపిస్తుంది. అప్పు అడిగేటప్పుడు మన వ్యాపారానికి సాక్ష్యం అదే.

చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ శిబిరం ఒకటి పెట్టాం. అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. బయట డబ్బు కట్టి చేయించుకున్నవారు దయచేసి ఇకమీదటైనా సంఘానికి రండి. ఒక టైలర్ సభ్యురాలు ఒక స్కూలుకు యూనిఫారాలు కుట్టి, డబ్బు కోసం నెలల తరబడి తిరిగారు. తయారీ, సేవల చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చిన్న యూనిట్ల (ఎంఎస్ఎంఈ) చట్టం. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. కానీ ఆవిడ బట్టలు ఇచ్చేశాక రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు, పాత బిల్లుకు అది పనికిరాదన్నారు. చివరికి అధ్యక్షులవారు, ఆవిడ వెళ్లి స్కూలు ఆఫీసు ముందు బెంచీ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే సగం ఇచ్చారు. కిరాణా, ఫ్యాన్సీ వంటి కొని అమ్మే షాపులకు ఈ 45 రోజుల రక్షణ వర్తించదు, గమనించగలరు.

జమాఖర్చులు వెనుక పేజీలో ఉన్నాయి. ఆడిట్ అయింది, అభ్యంతరాలు లేవు. శాలువా ఖర్చు "ఇతరములు" కింద చూపించాం.

సభ్యత్వ రుసుము బాకీలు ఈ నెలాఖరులోగా కట్టవలసిందిగా మనవి. పగిలిన గాజుల నష్టాన్ని పద్నాలుగు వాటాలు వేశాం. పదకొండు వచ్చాయి. మిగతా మూడూ ఎవరివో రాయడం లేదు, వారు ఈ రోజు ముందు వరుసలోనే కూర్చున్నారు.

ఇట్లు,
కార్యదర్శి