ఆటో మాస్టారి నోటుబుక్కులు అచ్చు వేయిద్దాం: మందిరం కమిటీ విజ్ఞప్తి

బంధుమిత్రులకు, ఊళ్లో వారికి, ఊరు వదిలి దూరాన ఉంటున్న మన పిల్లలకు మన యూదుల మందిరం కమిటీ షాలోమ్ చెప్పి రాసుకుంటున్న సంగతులు.

ఈ 2026 ఆగస్టు 26, బుధవారం పొద్దుగూకగానే, ఆటో నడుపుకుంటూ మన పిల్లలకి హీబ్రూ అక్షరాలు నేర్పిన మన ఆటో మాస్టారి సంవత్సరికం మొదలవుతుంది. పోయిన ఏడాది సెప్టెంబరు 7న కదా పోయింది, ఆగస్టులోనే ఏమిటని కొందరు అడిగారు. యూదుల లెక్కలో ఆయన పోయింది ఎలూల్ నెల 14న. ఆ తేదీ ఈసారి ఆగస్టు 27న వచ్చింది. మన రోజు ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది కాబట్టి 26న దీపం పెడతాం. పక్కింటివాళ్లు తిథి చూసుకుని తద్దినం పెట్టుకున్నట్టే ఇదీ.

ఆయనకు అప్పటికి 34 ఏళ్లు. రెండేళ్లు డయాలసిస్‌తో నెట్టుకొచ్చి, షబ్బాత్, అంటే మన శనివారపు విశ్రాంతి దినం, గడిచిన మర్నాడు ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశాడు. సూర్యుడు దిగకముందే సాగనంపాం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. గ్రహణం టెన్షన్‌లో ఉండి కూడా ఊరు ఊరంతా వచ్చింది, చేతుల్లో బంతిపూల దండలతో. సమాధి దగ్గర పూలు పెట్టడం మన ఆచారం కాదు. ఎలా చెప్పాలా అని కమిటీ పెద్దలం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, ఆయన భార్యే "ఆటోకి వేయండి అన్నా" అంది. ఇంటి ముందు ఆటో కనపడకుండా పూలు నిండిపోయాయి. ఆయన స్కూలుకి దింపే పిల్లలు మాత్రం మర్నాడు ఎవరూ చెప్పకుండానే సమాధి మీద తలా ఒక గులకరాయి పెట్టి వచ్చారు. రాళ్లు పెట్టే సంగతి ఎప్పుడో ట్రిప్పులో ఆయనే చెప్పి ఉంటాడు.

మా గురించి తెలియనివారికి రెండు ముక్కలు. మేం బెనె ఎఫ్రాయిమ్, అంటే ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతానం. తెలుగు మాట్లాడే యూదులం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1990ల తొలినాళ్లలో వెలసిన సమాజమందిరం గురించి మీలో కొందరు పేపర్లో చదివే ఉంటారు. మాది అంత పేరున్న చోటు కాదు. రెండు గదులు, పైన రేకులు. మా మేనమామలు, పిన్నమ్మలు చాలామంది ఇప్పటికీ చర్చికే వెళ్తారు, పెళ్లిళ్లకు మాత్రం అందరం ఒక్కటే. ఎక్కువమందిమి కూలి పనుల మీద బతికేవాళ్లం. మిరపకాయ కోతల్లో శనివారం పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే.

మాస్టారు కూడా శనివారం ఆటో తీసేవాడు కాదు. స్కూలు పిల్లల ట్రిప్పు ఉండేది కాబట్టి ఆ ఒక్క రోజుకీ స్టాండులో ఇంకో డ్రైవరుతో మాట్లాడుకున్నాడు. ఆదివారం ఆ డ్రైవరు చర్చికి వెళ్తే ఈయన కిరాయిలు చూసేవాడు. ఇద్దరిలో ఎవరూ లెక్కలు రాసుకోలేదు. ఆటో వెనక యూదుల గుర్తు, ఆరు కోణాల దావీదు నక్షత్రం వేయించుకున్నాడు. "ఇది ఏ స్వామి యంత్రం బాబూ?" అని అడిగినవాళ్లకి ఊరు దాటేదాకా కథ చెప్పి, ఛార్జీ తీసుకోవడం మర్చిపోయేవాడని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.

పిల్లలకి అలెఫ్, బేత్ అంటూ హీబ్రూ అక్షరాలు నేర్పేవాడు కాబట్టి ఆటో మాస్టారయ్యాడు. కానీ ఆయన లేని లోటు మాకు మొదట తెలిసింది చదువు దగ్గర కాదు, తలలు లెక్కపెట్టుకునే దగ్గర. చనిపోయినవారి కోసం కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలంటే పదమూడేళ్లు దాటిన మగవాళ్లు పదిమంది ఉండాలి, దాన్నే మిన్యాన్ అంటారు. మా మందిరంలో ఎప్పుడూ తొమ్మిది దగ్గర ఆగేది. ఆయన ఆటో వేసుకుని వెళ్లి పదోవాణ్ణి పొలం గట్టు మీద నుంచైనా ఎక్కించుకొచ్చేవాడు, లేదా తనే పదోవాడయ్యేవాడు. ఆయన కోసమే కద్దిష్ చెప్పాల్సిన మొదటి సాయంత్రం తొమ్మిదిమందిమి వచ్చి, మూడు పావుగంటలు గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆడవాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది కొన్ని దేశాల్లో ఎప్పుడో తేలిపోయింది, మా కమిటీలో ఇంకా తేలలేదు. ఆయనైతే తీసుకోమనేవాడు. ఈ మాట రాయొద్దని ఒకరిద్దరు అన్నారు, అయినా రాస్తున్నాం.

ఇక నోటుబుక్కుల సంగతి. మా పెద్దవాళ్లలో హీబ్రూ అక్షరం వచ్చినవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లు విని, పెదాలు కదిపేవాళ్లు. వాళ్ల కోసం మాస్టారు డయాలసిస్ మంచం మీద ఉండగా నాలుగు పెద్ద నోటుబుక్కులు నింపాడు. పైన హీబ్రూ, కింద అదే పలుకు తెలుగు అక్షరాల్లో, ఆ కింద అర్థం. హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి. వేలు పెట్టి చదివే ముసలివాళ్లు తికమక పడకుండా ప్రతి మాటనీ విడిగా గడి కట్టి రాశాడు. ఖెత్ అనే అక్షరం మన 'హ' కాదు, 'ఖ' కాదు, గొంతు గీరుకుంటూ వచ్చే శబ్దం. దానికి 'హ' రాసి కింద ఎర్ర చుక్క పెట్టాడు. మా అమ్మమ్మలు ఇప్పటికీ "ఎర్ర చుక్క వచ్చింది, దగ్గండి" అని నవ్వుకుంటారు. అర్థం మాత్రం పాత గ్రాంథికంలో రాయలేదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో రాశాడు. కద్దిష్ అసలు హీబ్రూ కూడా కాదు, చాలావరకు అరామిక్. అందులో చావు అన్న మాటే ఉండదు, అంతా దేవుణ్ణి కీర్తించడమే. ఈ సంగతి ఆ పేజీ అంచున రాసి పెట్టాడు. ఇప్పుడు ఆ పేజీయే అన్నిటికంటే ఎక్కువ నలిగింది.

నోటుబుక్కులు చిరుగుతున్నాయి. దేవుడి పేరున్న కాగితాన్ని మనం చెత్తలో వేయం, భూమిలో పెడతాం. ఇవీ అలా మట్టిలోకి పోయేలోపు పుస్తకంగా రావాలి.

గుంటూరు ప్రెస్సులో అడిగాం. 240 పేజీలు, 300 కాపీలు, హీబ్రూ టైపు చేసే ఖర్చుతో కలిపి 78,000 రూపాయలు. కారుతున్న రేకులు మార్చడానికి ఇంకో 64,000. మొత్తం 1,42,000. మేం ఇంటింటికీ వేసుకున్నది 31,500 చేతిలో ఉంది. మొదట ఈ డబ్బు మాస్టారి కుటుంబానికే ఇద్దామనుకున్నాం. ఆయన భార్య ఒప్పుకోలేదు. "నాకు కుట్టుమిషనుంది, ఆటో అద్దెకి తిరుగుతోంది, ఆయన రాత అచ్చు వేయించండి చాలు" అంది.

వంద ఇచ్చినా రశీదు రాస్తాం. గోడ మీద మాత్రం పేర్లు రాయించం. కొత్త ఫ్యాను కొన్నప్పుడు రెక్కల మీద దాత పేరు రాయిద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. "తిరిగితే పేరు కనపడదు, ఆగితే గాలి రాదు, దేనికి అన్నా" అన్నాడు. మన ఊళ్లలో ఇది కొత్తగానే ఉంటుంది. కానీ ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికి తెలియని దానం మేలైనదని మన పెద్దల బోధ కూడా ఉంది.

డబ్బు కోశాధికారి చేతికే ఇవ్వండి, షబ్బాత్ నాడు తప్ప ఎప్పుడైనా సరే. లెక్కల పుస్తకం మందిరం బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు.

డబ్బు వీలుకానివాళ్లు 26వ తేదీ సాయంత్రం ఆరింటికల్లా రండి. మాస్టారి మేనల్లుడికి మొన్ననే పదమూడు నిండాయి. వాడితో కలిపి తొమ్మిదిమందిమి ఖాయం.

ఇట్లు,
మందిరం కమిటీ